గొర్రె ఉన్నట్టుండి చచ్చిపోయిందా? కత్తి పట్టొద్దు.. మట్టిలో దశాబ్దాలు దాక్కునే ఈ బ్యాక్టీరియా సంగతి తెలుసుకోండి!

నిన్నటిదాకా మందతో పాటే మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. ముక్కులోంచి, వెనకవైపు నుంచి నల్లటి రక్తం కారుతుంటుంది. కాపరికి అప్పటికే వేల రూపాయలు పోయినట్టే. ఇలాంటప్పుడు చాలాచోట్ల మొదట వచ్చే ఆలోచన ఒక్కటే.. కోసి పోగులేస్తే ఎంతో కొంత తిరిగొస్తుంది కదా అని. అసలు ప్రమాదం ఆ ఆలోచనతోనే మొదలవుతుంది. గొర్రె చావుకు కారణం ఆంత్రాక్స్ అయితే, దాన్ని కోసిన చోట నేల దశాబ్దాల పాటు ఆ రోగాన్ని దాచుకుంటుంది.

జనగామ జిల్లా లింగాల ఘనపూర్ లాంటి మండలాల్లో వరి, పత్తితో పాటు జీవాల పెంపకం కూడా బతుకుదెరువే. గొర్రె, పత్తి చేను, ఇంట్లో అన్నం గిన్నె.. ఈ మూడింటితోనూ ముడిపడిన బ్యాక్టీరియా కుటుంబం ఒకటుంది. దాని పేరు బాసిలేసీ. అందులో ఒకటి ప్రాణం తీస్తుంది. ఇంకొకటి వాంతులు చేయిస్తుంది. మరొకటి పంటను కాపాడుతుంది. వీటిని విడివిడిగా గుర్తుపట్టడం ఎలా? చనిపోయిన గొర్రెను ఎందుకు కోయకూడదు? వివరంగా చూద్దాం.

చాపలబండలో ఏం జరిగింది?

ఇదేదో ఎక్కడో విదేశాల్లో కనిపించే రోగం అనుకుంటే పొరపాటే. 2021 అక్టోబర్‌లో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండ గ్రామంలో ఒకే మందలో కొద్ది రోజుల తేడాతో నాలుగు గొర్రెలు చనిపోయాయి. పశువైద్యులు శాంపిళ్లు తీసి ల్యాబ్‌కు పంపితే ఆంత్రాక్స్ అని తేలింది. దాంతో పశుసంవర్ధక శాఖ అప్రమత్తమై మిగతా గొర్రెలకు టీకాలు వేయించింది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో మటన్ కొనేవాళ్లు కూడా కొన్నాళ్లు జంకారు.

ఆంధ్రప్రదేశ్‌లోని విశాఖ మన్యంలోనూ ఈ రోగం పలుమార్లు కనిపించింది. చనిపోయిన పశువును కోసిన, ఆ మాంసం తిన్న గిరిజనుల చర్మంపై పుండ్లు రావడంతో వైద్య బృందాలు గూడేలకు వెళ్లాల్సి వచ్చింది.

తెలంగాణలో దీన్ని తేలిగ్గా తీసుకోలేం. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో గొర్రెల సంఖ్య దాదాపు 1.9 కోట్లు. దేశంలోనే మొదటి స్థానం. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. అప్పట్లో యూనిట్ ధర 1.25 లక్షలు. అందులో 75 శాతం సబ్సిడీ పోగా లబ్ధిదారు తన జేబులోంచి 31,250 రూపాయలు కట్టాలి. ఆ డబ్బు కోసం అప్పు చేసిన కుటుంబానికి ఒక్క గొర్రె పోయినా దెబ్బే. అందుకే 'కోయొద్దు' అని చెప్పడం తేలిక, ఆ మాట వినడం కష్టం. అయినా ఎందుకు వినాలో అర్థం కావాలంటే ముందు ఈ బ్యాక్టీరియా తీరు తెలియాలి.

బాసిలేసీ.. పేరులోనే కర్ర ఉంది

లాటిన్‌లో 'బాసిలస్' అంటే చిన్న కర్ర అని అర్థం. మైక్రోస్కోప్ కింద చూస్తే ఈ బ్యాక్టీరియా సన్నటి కర్రముక్కల్లా కనిపిస్తాయి. జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ కోన్ 1872లో వీటికి బాసిలస్ అనే పేరు పెట్టారు. ఆంత్రాక్స్ బ్యాక్టీరియా పొడవు సుమారు 3 నుంచి 5 మైక్రాన్లు. అంటే రెండు, మూడు వందల బ్యాక్టీరియాలను వరసగా పేరిస్తే గానీ ఒక మిల్లీమీటరు కాదు.

ఈ కుటుంబంలో చాలా రకాలు మట్టిలోనే బతుకుతాయి. ఎక్కువ శాతం మనకు ఏ హానీ చేయవు. చచ్చిన ఆకులు, గడ్డి కుళ్లడంలో సాయం చేస్తూ తమ పని తాము చేసుకుపోతాయి. మనుషులకు, పశువులకు నిజంగా ఇబ్బంది పెట్టేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఆంత్రాక్స్ తెచ్చే బాసిలస్ ఆంత్రాసిస్. రెండోది ఆహారాన్ని విషంగా మార్చే బాసిలస్ సీరియస్. పత్తి రైతులకు బాగా తెలిసిన 'బీటీ'లోని బాసిలస్ థురింజియెన్సిస్ కూడా వీటికి అతి దగ్గరి చుట్టమే. ఈ మూడింటి జన్యువులు ఎంత దగ్గరగా ఉంటాయంటే, వీటిని ఒకే గుంపుగా లెక్కేస్తారు.

అసలు బలం ఎక్కడుంది?

ఈ కుటుంబానికి ఉన్న పెద్ద ఆయుధం స్పోర్. పాఠ్యపుస్తకాల్లో దీన్నే సిద్ధబీజం అంటారు. చుట్టూ తిండి, తేమ ఉన్నంతసేపు బ్యాక్టీరియా మామూలుగా పెరుగుతుంది. అవి అయిపోయాయంటే తన జన్యుపదార్థాన్ని ఒక గట్టి పెంకులో మూట కట్టేసి నిద్రలోకి వెళ్లిపోతుంది. ఎండకు ఎండదు, చలికి చావదు. మామూలుగా అన్నం ఉడికించే వేడిని కూడా తట్టుకుంటుంది. విత్తనం వాన కోసం ఎదురు చూసినట్టు, అనుకూలమైన చోటు దొరికేదాకా అలా ఉండిపోతుంది.

ఎన్నాళ్లు ఉంటుందంటారా? స్కాట్లాండ్ దగ్గర గ్రూయినార్డ్ అనే చిన్న దీవి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం సమయంలో, 1942లో, బ్రిటిష్ సైన్యం అక్కడ గొర్రెలపై ఆంత్రాక్స్ బాంబులను పరీక్షించింది. ఆ తర్వాత ఆ దీవిలోకి మనుషులను రానివ్వలేదు. 1986లో సముద్రపు నీటిలో కలిపిన 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌తో నేలను శుద్ధి చేశారు. 1990లో గానీ సురక్షితమని ప్రకటించలేకపోయారు. అంటే ఏకంగా 48 ఏళ్లు!

2016లో రష్యాలోని యమల్ ప్రాంతంలో ఎండలు మండిపోయి, ఏళ్లుగా గడ్డకట్టిన నేల కరిగింది. ఎప్పుడో ఆంత్రాక్స్‌తో చనిపోయిన జంతువుల కళేబరాల్లోంచి స్పోర్లు బయటపడి ఉంటాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. 2,000కు పైగా రెయిన్‌డీర్లు చనిపోయాయి. 12 ఏళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయాడు.

మన దగ్గర గడ్డకట్టే నేలలు లేకపోయినా ఎండాకాలం తర్వాత వచ్చే వానలు ఉన్నాయి. ఎండాకాలంలో గడ్డి తరిగిపోతే గొర్రెలు నేలకు ఆనించి మరీ మేస్తాయి. మట్టి కూడా నోట్లోకి పోతుంది. ఆ తర్వాత తొలకరి వానలకు లోపలి స్పోర్లు పైకి వస్తాయి. నీళ్లు నిలిచిన పల్లపు చోట్ల చేరతాయి. అందుకే ఆంత్రాక్స్ కేసులు ఎక్కువగా వానల ముందూ వెనకా కనిపిస్తుంటాయి.

కత్తి పెడితే ఏమవుతుంది?

ఈ మొత్తం కథలో కీలకం ఇదే. కాస్త జాగ్రత్తగా చదవండి.

గొర్రె మేసేటప్పుడు స్పోర్లు కడుపులోకి వెళ్తాయి. లోపల వెచ్చదనం, తిండి దొరకగానే నిద్ర లేచి మామూలు బ్యాక్టీరియాగా మారి కోట్లలో పెరుగుతాయి. విషాన్ని వదులుతాయి. గొర్రెల్లో ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందంటే, చాలాసార్లు జబ్బు లక్షణాలు కనిపించేలోపే ప్రాణం పోతుంది. చనిపోయే సమయానికి రక్తం నిండా ఈ బ్యాక్టీరియానే ఉంటుంది.

ఇక్కడే ఒక చిత్రం ఉంది. చనిపోయిన గొర్రె ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా ఇంకా స్పోర్‌గా మారలేదు. స్పోర్‌గా మారాలంటే దానికి గాలిలోని ఆక్సిజన్ కావాలి. కోయకుండా ఉన్న కళేబరం లోపల ఆక్సిజన్ ఉండదు. పైగా కుళ్లబెట్టే ఇతర బ్యాక్టీరియా పెరిగి ఆంత్రాక్స్ బ్యాక్టీరియాను కొద్ది రోజుల్లోనే చాలావరకు చంపేస్తుంది. అంటే తోలు చెక్కు చెదరకుండా ఉంటే ఆ గొర్రె శరీరమే రోగానికి గోరీ అవుతుంది.

అదే కత్తి పెట్టి కోశామనుకోండి. రక్తం నేల మీద పడుతుంది. గాలి తగులుతుంది. కొన్ని గంటల్లోనే బ్యాక్టీరియా స్పోర్లుగా మారడం మొదలవుతుంది. అవి కోసిన చోట మట్టిలో కలుస్తాయి. తోలుకు, బొచ్చుకు, కత్తికి, చేతులకు అంటుకుంటాయి. పేగులు పారేస్తే కుక్కలు ఈడ్చుకెళ్తాయి. వాననీళ్లతో పాటు కుంటలోకి పోతాయి. కాబట్టి ఒక గొర్రె డబ్బు రాబట్టుకోవాలని చూస్తే, అదే మేత బీడులో రాబోయే ఏళ్లలో ఎన్ని జీవాలు పోతాయో లెక్క చెప్పలేం. అవి పక్కింటివాళ్ల గొర్రెలు కావచ్చు, సొంత మందలోవే కావచ్చు.

కళేబరం నుంచి కారే రక్తంతో కూడా కొంత ప్రమాదం ఉంటుంది. అందుకే ముక్కు, నోరు, మలద్వారం లాంటి చోట్ల మందులో ముంచిన దూదితో మూసేయిస్తారు పశువైద్యులు. రక్తం పడ్డ మట్టిని కూడా తీసి పూడ్పిస్తారు.

మనుషులకు ఎలా సోకుతుంది?

మనిషి నుంచి మనిషికి ఆంత్రాక్స్ అంటుకోవడం దాదాపుగా ఉండదు. కాబట్టి జబ్బు వచ్చినవాళ్లను వెలివేసినట్టు దూరం పెట్టాల్సిన పనే లేదు. ఇది జంతువు నుంచి, దాని మాంసం, తోలు, ఉన్ని నుంచి మనిషికి వస్తుంది. దారులు మూడు.

ఒకటి, చర్మం. మనుషుల్లో వచ్చే కేసుల్లో 95 శాతానికి పైగా ఇవే. చేతిమీద చిన్న గీత ఉన్నా చాలు, కోసేటప్పుడో తోలు తీసేటప్పుడో బ్యాక్టీరియా లోపలికి పోతుంది. సాధారణంగా వారం లోపు దోమ కుట్టినట్టు చిన్న పొక్కు వస్తుంది. అది నీటిబుడగలా మారి, తర్వాత పుండై, మధ్యలో బొగ్గులాంటి నల్లటి చెక్కు కడుతుంది. చుట్టూ వాపు ఉంటుంది కానీ పుండు నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని చాలామంది పట్టించుకోరు. గ్రీకులో ఆంత్రాక్స్ అంటే బొగ్గు అనే అర్థం. ఆ పేరు రావడానికి కారణం ఈ నల్లటి మచ్చే. వైద్యం అందితే దాదాపు అందరూ కోలుకుంటారు. అందకపోతే వందలో 10 నుంచి 20 మంది వరకు చనిపోయే ప్రమాదం ఉంది.

రెండు, కడుపు. రోగమున్న మాంసాన్ని సరిగా ఉడకకుండా తింటే జ్వరం, కడుపునొప్పి, వాంతులు, రక్త విరేచనాలు వస్తాయి. ఇది చర్మానికి వచ్చే రకం కంటే చాలా ప్రమాదకరం. 'బాగా ఉడికిస్తే ఏం కాదులే' అనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మామూలుగా ఉడికించే వేడిని స్పోర్లు తట్టుకోగలవు. అంతేకాదు, కూర పొయ్యి మీదికి ఎక్కేలోపే కోసినవాళ్లు, కడిగినవాళ్లు, ముక్కలు చేసినవాళ్లు ప్రమాదంలో పడిపోయి ఉంటారు.

మూడు, ఊపిరి. స్పోర్లు గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వచ్చే రకం ఇది. అరుదు కానీ అన్నింటికన్నా భయంకరం. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫోర్డ్ ఉన్ని మిల్లుల్లో ఉన్ని వేరుచేసే కార్మికులు దీనితోనే చనిపోయేవారు. 2001లో అమెరికాలో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ పొడి పంపిన ఘటనలో 22 మంది జబ్బు పడితే ఐదుగురు చనిపోయారు. మన దగ్గర గొర్రె బొచ్చు కత్తిరించి గొంగళ్లు నేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న గొర్రె ఉన్నితో భయం లేదు. ఉన్నట్టుండి చచ్చిన గొర్రె బొచ్చు మాత్రం ముట్టుకోకూడదు.

ఆంత్రాక్స్‌కు మందులు ఉన్నాయి. పెన్సిలిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తో వైద్యం చేస్తారు. ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరే చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి వేసుకునే వ్యవహారం కాదు. డాక్టర్‌కు 'చచ్చిన గొర్రెను ముట్టుకున్నా' అని చెప్పడం చాలా ముఖ్యం. ఆ ఒక్క మాట చెప్పకపోతే మామూలు పుండు అనుకునే అవకాశం ఉంది.

ఉన్నట్టుండి చచ్చిన ప్రతి గొర్రెదీ ఆంత్రాక్సేనా?

కాదు. వానాకాలంలో లేత గడ్డి మేసిన గొర్రెలు చిటుక రోగంతో కూడా క్షణాల్లో పడి చనిపోతాయి. అదీ కర్రలాంటి, స్పోర్ కట్టే బ్యాక్టీరియానే కానీ వేరే కుటుంబానిది. దాని టీకా వేరు. మేతలో విషపదార్థాలు ఉన్నా, పాము కరిచినా గొర్రె హఠాత్తుగా పోవచ్చు. కళ్లతో చూసి ఇది ఫలానా రోగమే అని చెప్పడం పశువైద్యులకే కష్టం.

ఈ విషయంలో ఇప్పటి జనగామ జిల్లాకే ఒక పాత అనుభవం ఉంది. 2006 ఎండాకాలంలో స్టేషన్ ఘనపూర్ మండలం ఇప్పగూడెంతో పాటు అప్పటి వరంగల్ జిల్లాలోని మరికొన్ని గ్రామాల్లో పత్తి తీశాక చేలల్లో మేపిన గొర్రెలు వరసగా చనిపోయాయి. వెయ్యికి పైగా గొర్రెలు పోయాయని కాపరుల సంఘాలు, అంత్ర లాంటి స్వచ్ఛంద సంస్థలు చెప్పాయి. అది బీటీ పత్తి ఆకు మేయడం వల్లేనని కాపరులు అనుమానించారు. జన్యుమార్పిడి పంటలకు అనుమతులిచ్చే కేంద్ర కమిటీ జీఈఏసీ మాత్రం ఆ వాదన ఒప్పుకోలేదు. మేతలో నైట్రేట్లు, హైడ్రోసయనైడ్, పురుగుమందుల అవశేషాలు ఎక్కువగా ఉండటం కారణం కావచ్చని ప్రభుత్వ వర్గాలు చెప్పాయి. దేశమంతా చర్చ జరిగింది. పోయిన గొర్రెలు మాత్రం తిరిగి రాలేదు.

బీటీ అంటే బాసిలస్ థురింజియెన్సిస్. ఆంత్రాక్స్ బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టం అని పైన చెప్పుకున్నది ఇదే. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు చనిపోతుంటే ఇషివాటా అనే శాస్త్రవేత్త దీన్ని గుర్తించారు. 1911లో జర్మనీలోని థురింజియా ప్రాంతంలో పిండిపురుగులో మళ్లీ దొరకడంతో ఆ ఊరి పేరే వచ్చింది. ఇది తయారుచేసే ప్రొటీన్ పురుగు పేగుల్లోని క్షార గుణం వల్ల కరిగి, అక్కడి కణాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. మనుషుల, గొర్రెల పేగుల్లో ఆ ప్రొటీన్ అతుక్కునే చోటు లేదన్నది శాస్త్రవేత్తలు చెప్పే మాట. ఆ ప్రొటీన్ తయారుచేసే జన్యువును పత్తి మొక్కలో పెట్టిందే బీటీ పత్తి. మన దేశంలో 2002 మార్చిలో అనుమతి వచ్చింది. గులాబీ రంగు పురుగు దీన్ని తట్టుకోవడం నేర్చుకుందన్నది ఇవాళ పత్తి రైతులందరికీ తెలిసిన బాధే.

ఇప్పగూడెం అనుభవం చెప్పేదేంటంటే, గొర్రె ఎందుకు చచ్చిందో తేలాలంటే వెంటనే సరైన శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపాలి. ఆలస్యమైన కొద్దీ నిజం మసకబారుతుంది. ఆంత్రాక్స్ అనుమానం ఉంటే పోస్ట్‌మార్టం కోసం కూడా కళేబరాన్ని కోయరు. చెవి దగ్గరి నరం నుంచి ఒక చుక్క రక్తం తీసి గాజు పలక మీద పూస్తారు. రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే నీలి రంగు కర్రలు, వాటి చుట్టూ గులాబీ రంగు పొర కనిపిస్తుంది. 1903 నుంచీ వాడుకలో ఉన్న పరీక్ష ఇది.

వంటింట్లోనూ ఓ చుట్టం ఉంది

బాసిలేసీ కుటుంబంలో మన వంటింటి దాకా వచ్చేది బాసిలస్ సీరియస్. బియ్యంలో దీని స్పోర్లు ఉండటం మామూలే. అన్నం ఉడికినా అవి చావవు. వేడివేడిగా తినేస్తే ఏ సమస్యా లేదు. అన్నాన్ని గంటల తరబడి గోరువెచ్చగా వదిలేస్తేనే తంటా. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో స్పోర్లు నిద్రలేచి పెరుగుతాయి, విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం ఎంత గట్టిదంటే, మళ్లీ వేడి చేసినా, నూనెలో వేయించినా పోదు.

1970ల మొదట్లో ఇంగ్లండ్‌లోని చైనీస్ హోటళ్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు వాంతులు చేసుకోవడంతో ఈ సంగతి బయటపడింది. ముందురోజు వండిన అన్నాన్ని బయటే ఉంచి మర్నాడు వేయించడమే కారణం. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. ఇంకో రకంలో 6 నుంచి 15 గంటల తర్వాత విరేచనాలు అవుతాయి. చాలామందికి ఒక్కరోజులో తగ్గిపోతుంది. కానీ 2008లో బెల్జియంలో ఐదు రోజులు బయటే ఉంచిన స్పాగెట్టి తిన్న 20 ఏళ్ల విద్యార్థి కాలేయం దెబ్బతిని చనిపోయాడు.

మరి మన చద్దన్నం సంగతేంటి? రాత్రి అన్నంలో మజ్జిగో, గంజో పోసి పులియబెడితే పులుపు పెరుగుతుంది. ఆ పులుపులో ఈ బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగలేదు. పెళ్లిలోనో, హాస్టల్‌లోనో పెద్ద గిన్నెల్లో వండి, మూతపెట్టి, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా అలాగే ఉంచిన అన్నంతోనే ఎక్కువ భయం. పెద్ద గిన్నెలో మధ్యభాగం చల్లారడానికి గంటలు పడుతుంది. వెడల్పాటి పళ్లేల్లో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది. ఫ్రిజ్ లేకపోతే పూటకు సరిపడా వండుకోవడమే మంచిది.

అన్నీ చెడ్డవేనా?

అస్సలు కాదు. ఇదే కుటుంబంలోని బాసిలస్ సబ్టిలిస్‌తో జపాన్‌వాళ్లు సోయా గింజలను పులియబెట్టి 'నాటో' అనే వంటకం చేసుకుంటారు. పిల్లలకు విరేచనాలైతే డాక్టర్లు రాసే చిన్న ప్లాస్టిక్ బుడ్డి మందుల్లో కొన్నింటిలో ఉండేవి బాసిలస్ క్లాసియై స్పోర్లే. కడుపులోని యాసిడ్‌ను తట్టుకుని పేగుల దాకా వెళ్లగలగడానికి స్పోర్ పెంకే కారణం. దోమల లార్వాలను చంపడానికి నీళ్లలో చల్లే మందుల్లో బీటీ చుట్టమే ఒకటి ఉంది. ఆస్పత్రుల్లో ఆపరేషన్ కత్తెరలను శుభ్రం చేసే యంత్రం సరిగా పనిచేస్తోందా లేదా అని చూడటానికి కూడా ఈ కుటుంబానికే చెందిన ఒక బ్యాక్టీరియా స్పోర్లను వాడతారు. ఆ స్పోర్లు చచ్చాయంటే మిగతావన్నీ చచ్చినట్టే!

గొర్రెలతోనే మొదలైన టీకా కథ

రోగానికి ఒక నిర్దిష్టమైన క్రిమి కారణమని తిరుగులేకుండా రుజువైన తొలి సందర్భాల్లో ఆంత్రాక్స్ ఒకటి. 1876లో రాబర్ట్ కోక్ అనే జర్మన్ డాక్టర్ ఒక చిన్న ఊళ్లో పనిచేస్తూనే ఈ బ్యాక్టీరియా జీవితచక్రాన్ని, స్పోర్‌తో సహా కనిపెట్టారు. రోగం తగ్గినా అదే మేత బీడులో మళ్లీ ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు అప్పుడే జవాబు దొరికింది.

ఆ తర్వాత 1881లో ఫ్రాన్స్‌లోని పూయి-లె-ఫోర్ అనే ఊళ్లో లూయీ పాశ్చర్ అందరి ముందూ ఒక పరీక్ష పెట్టారు. 24 గొర్రెలకు టీకా వేశారు, మరో 24 గొర్రెలకు వేయలేదు. మే 31న అన్నింటికీ ఆంత్రాక్స్ ఎక్కించారు. జూన్ 2న చూస్తే టీకా వేసినవి నిలబడి ఉన్నాయి. వేయనివి ఆ రోజు గడిచేలోపు అన్నీ చనిపోయాయి. ఇప్పుడు పశువులకు వేసే టీకా మాత్రం 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన రకం. రోగం తెచ్చే శక్తి తీసేసిన స్పోర్లే అందులో ఉంటాయి. ఒకసారి రోగం కనిపించిన ప్రాంతాల్లో ఏడాదికోసారి, వానాకాలానికి ముందే వేయించడం మంచిది. ఇది బతికున్న స్పోర్లతో చేసే టీకా కాబట్టి వేసే ముందూ వెనకా యాంటీబయాటిక్స్ ఇవ్వకూడదు. ఇస్తే టీకా పనిచేయదు.

ఉన్నట్టుండి గొర్రె చనిపోతే ఏం చేయాలి?

- కోయొద్దు, తోలు తీయొద్దు, బొచ్చు కత్తిరించొద్దు. చేతులతో ముట్టుకోవద్దు.
- మండలంలోని పశువైద్యశాలకు చెప్పండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఆంత్రాక్స్ లాంటి రోగాల అనుమానం ఉంటే సమాచారం ఇవ్వడం యజమాని బాధ్యత.
- డాక్టర్ వచ్చేదాకా కుక్కలు, పిల్లలు దగ్గరికి రాకుండా చూడండి. మిగతా మందను అక్కడి నుంచి తప్పించండి. కానీ వేరే ఊరికి తోలుకుపోవద్దు, అంగడికి పంపొద్దు.
- ఇన్సూరెన్స్ ఉంటే చెవి ట్యాగ్ తీసే పని కూడా డాక్టర్‌కే వదిలేయండి. క్లెయిమ్‌కు ఆయన ఇచ్చే సర్టిఫికెట్ ముఖ్యం.
- కళేబరాన్ని చెరువు, కుంట, బావులకు దూరంగా లోతైన గోతిలో పూడ్చడం గానీ, పూర్తిగా కాల్చేయడం గానీ పశువైద్యుల సమక్షంలోనే చేయాలి. వాగులో పారేయడం, ఊరవతల వదిలేయడం అస్సలు పనికిరాదు.
- ఇప్పటికే ముట్టుకున్నారా? సబ్బుతో బాగా కడుక్కోండి. నొప్పిలేని పొక్కు, నల్లటి పుండు, జ్వరం కనిపిస్తే వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి.
- మాంసం కొనేవాళ్లు ఎక్కువ చవకగా వస్తోందంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కళ్లముందు కోసిన, ఆరోగ్యంగా ఉన్న యాట మాంసమే కొనండి.

చాపలబండలో పశువైద్యుల దాకా కబురు వెళ్లింది కాబట్టే శాంపిల్ ల్యాబ్‌కు చేరింది, రోగం పేరు తెలిసింది, మిగతా జీవాలకు టీకా అందింది. చనిపోయిన గొర్రె ఖరీదు పోయినా, మేత బీడు మిగలాలంటే మార్గం ఇదొక్కటే. కత్తి తీసే ముందు ఫోన్ తీయండి.